మాట వినని ధనరాజ్

నా పుట్టిల్లు బారువ. ఋషికుల్య సముద్రంలో కలిసే మొగ దగ్గర, గంజాం బజారుకి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఈ పల్లెకి కోడలిగా వచ్చి ఏడెనిమిదేళ్లయినా, ఆ వేసవి దాకా నాకు ఒరియా రాలేదు. రాలేదనడం కన్నా రానివ్వలేదంటే సరిగ్గా ఉంటుంది. ఇంట్లో తెలుగు, వాడంతా తెలుగు, పడవ మీదా తెలుగే. బజారులో వేలు చూపించి ‘ఎయిటా కెతే’ అంటే ధర చెప్పేవారు. నేను బేరమాడలేక తల అడ్డంగా ఊపేదాన్ని, కాసేపటికి వాళ్లే తగ్గించేవారు. అంతకన్నా పెద్ద మాటలుంటే మా మావ ఉన్నాడు కదా అని ధీమా.

మా మావ పేరు లక్ష్ముడు. వాడలో అందరికీ ఒరియా వచ్చు గానీ ఆయనది ఆఫీసు ఒరియా. ఫిషరీ ఆఫీసులో పనిపడినా, తీరంలో తాబేళ్ల గుడ్లకి కాపలా కాసే గార్డులతో తగువొచ్చినా, ఆస్పత్రిలో డాక్టరుకి రోగం వివరించాలన్నా ముందు ఆయన్నే వెంటబెట్టుకెళ్లేవారు. ఒరియా ఎత్తుకున్నాడంటే ఆయన గొంతు మారిపోయేది. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నవాడిలా నిటారుగా కూర్చునేవాడు.

“మావా, నువ్వు ఒరియా మాటాడితే నాకు బయమేస్తాది. ఈయన మా మావేనా అనిపిస్తాది,” అని ఆటపట్టించేదాన్ని.

“నేర్సుకోమంటే నేర్సుకోవు. నాను పోయాక నీ తరపున ఎవులు మాటాడతారు?”

“నీ కొడుకున్నాడు కదా.”

“ఆడా? ఆడు నాకంటే బాగా మాటాడతాడు,” అనేవాడు, ఎవరో అడిగి చెప్పించుకున్నంత సంబరంగా.

ఆయన కొడుకు, నా మొగుడు ధనరాజ్, ఆ యేడు సూడాన్‌లో ఉన్నాడు. ఖార్టూమ్ నగరానికి నదికి అవతల బహ్రి అనే పేట. అక్కడో ఐసు ఫ్యాక్టరీలో మిషను చూసుకునే పని. పెద్దకొడుకుని మొగ దగ్గర అల పొట్టన పెట్టుకున్నాక మావ రెండోవాణ్ని వల ముట్టుకోనివ్వలేదు. బరంపురంలో ఏసీలూ ఫ్రిజ్‌లూ బాగుచేసే పని నేర్పించి, దూరమైనా సరే నేల మీద ఉద్యోగం చేయమన్నాడు. ధనరాజ్‌కి సముద్రమంటే ప్రాణం. సెలవుకి వస్తే పడవల దగ్గరే పడుండేవాడు. అయినా తండ్రి వద్దన్నాడని ఏనాడూ మొగ దాటి ఒక్క వేటకి పోలేదు. తండ్రికి ఎదురు చెప్పడం ఆయనకి రాదు. ఆ సంగతి మీద నేను చాలాసార్లు కోప్పడ్డాను కూడా, మీ అయ్య చెబితే బావిలో దూకుతావా అని.

ఏప్రిల్ మధ్యలో మాకు వేట బందవుతుంది. జూన్ మధ్య దాకా మర పడవ నీళ్లలో దిగకూడదు. రెండు నెలలు మగాళ్లంతా ఇళ్లలోనే ఉంటారు. అదేం వైభోగమో ఇక్కడి ఆడవాళ్లని అడగండి. కూరలో ఉప్పు ఎక్కువైందంటారు, తక్కువైందంటారు, మిట్టమధ్యాహ్నం టీ అడుగుతారు. ఆ యేడు సరిగ్గా బంద్ మొదలైన నాడే సూడాన్‌లో యుద్ధం మొదలైంది. మావ పడవ ఒడ్డుకి లాగించి ఇంటికి వచ్చేసరికి మా అత్త కాసమ్మ టీవీ ముందు నోరు తెరుచుకుని కూర్చుని ఉంది.

ధనరాజ్ ఫోను ఆ సాయంత్రం కలిసింది.

“ఒలే దుర్గా, బయపడకండి. తలుపులేసుకుని లోపలే ఉన్నాం.”

“ఎవుల్ని ఎవులు కొడతన్నారు?”

“మిలట్రీలో ఇద్దరు పెద్దోల్లు ఇడిపోయారు. ఆల మనుసులూ ఈల మనుసులూ ఈదుల్లో పడి కాల్సుకుంటన్నారు.”

“మరి ఆల మద్దిన నీకేటి పని? వొచ్చీ.”

“ఎలగొచ్చీది? ఇమానాలు నేవు. మిషన్లో గేసుంది, కరెంటు నేదు. ఒగ్గేసి పోతే లీకయ్యి సుట్టుపక్కల పిల్లలు సచ్చిపోతారు. అది కొంచెం కొంచెంగా దించాల.”

అత్త నా చేతిలో ఫోను లాక్కుంది. “నువ్వే దించాలా? ఆ ఊర్లో ఇంకెవులూ నేరా?”

“ఎవులూ నేరమ్మా. నానూ వాచ్‌మేనూ. అంతే.”

వాచ్‌మేన్ పేరు ఉస్మాన్. ఆ ఊరి మనిషి. పనివాళ్ల గదులేమో వంతెనకి అవతల ఉన్నాయి. యుద్ధం మొదలైన పూట షిఫ్టులో ఉన్నవాడు ఫ్యాక్టరీలో చిక్కుకున్నాడు, గదిలో ఉన్నవాళ్లు గదిలో చిక్కుకున్నారు. గదిలో ఉన్నవాళ్లలో పురుషోత్తంపూర్ ఒరియా అబ్బాయి ఫణిభూషణ్ ఒకడు. ధనరాజ్‌కి అక్కడ అన్నం కలుపుకుని తినేంత దగ్గర స్నేహితుడు అతనే.

అక్కడొక విడ్డూరం జరిగింది. వంతెనకి అటూ ఇటూ ఉన్న ఈ ఇద్దరికీ ఒకరి ఫోను ఒకరికి కలిసేది కాదు. కానీ రోజులో ఎప్పుడో ఒకప్పుడు ఇద్దరికీ మా ఇంటికి కలిసేది. దాంతో ఋషికుల్య ఒడ్డునున్న మా రేకుల ఇల్లు వాళ్లకి ఎక్స్‌ఛేంజి అయిపోయింది. ఫణి చేస్తే మావ మాట్లాడతాడు, ధనరాజ్ చేస్తే నేను మాట్లాడతాను. ఫణి ‘మఉసా’ అంటూ, అంటే బాబాయ్ అంటూ, ఒరియాలో చెప్పింది మావ నాకు తెలుగులో చెబితే నేను ధనరాజ్‌కి చెప్పేదాన్ని. నా ఫోను చెవి దగ్గర పెడితే వినిపించదు, ఎప్పుడూ స్పీకరు మీదే పెట్టాలి. అందుచేత అన్ని మాటలూ నా చెవినీ పడేవి, అర్థం కాకుండా.

“తిన్నావా?” అని అడిగేదాన్ని.

“కర్జూరాలూ ఉల్లిపాయలూ ఉన్నాయి. ఐసుకి మాత్రం లోటు నేదు,” అనేవాడు.

“ఐసు తిని బతుకుతావా?”

“కరిగిపోతంది కదే, ఎవులో ఒకలు తినాల.”

నవ్వించేవాడు. ఫోను పెట్టేశాక నేను గుమ్మం పక్కకెళ్లి ఏడ్చేదాన్ని. అత్త చూసేది, చూడనట్టు ఊరుకునేది.

కొన్నాళ్లకి ఫణి మంచి కబురు చెప్పాడు. పనివాళ్లంతా కలిసి ఒక బస్సు మాట్లాడుకుంటున్నారట. ఓడరేవు దాకా పోతే అక్కడ మన ఓడలు ఎక్కించుకుంటాయట. బస్సు వంతెనకి ఇవతల, ఫ్యాక్టరీ వైపు, ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగుతుంది, ధనరాజ్ అక్కడికి నడిచి రావాలి. రోజు ఇంకా తేలలేదు, తేలగానే చెబుతానన్నాడు. ఆ కబురు ధనరాజ్‌కి చేరేశాను. “ఈలోగా గేసు కాలీ సేసేస్తాను,” అన్నాడు.

ఆ తరవాత రెండు రోజులు ఎవరి ఫోనూ లేదు. మూడో నాటి మధ్యాహ్నం వంటింట్లో ఉండగా ఫణి నంబరు మోగింది. మావ ఒడ్డున పడవ నీడన వల బాగుచేసుకుంటున్నాడు. నేను పళ్లెం అక్కడే పడేసి, ఇసక కాళ్లు కాలుతుంటే పరిగెత్తాను. దారిలోనే పచ్చ బటను నొక్కి “ఉండు ఫణీ, మావకిస్తన్నాను” అంటూనే ఉన్నాను. అవతల ఏదో ఇంజను చప్పుడు, జనం గోల.

మావ ఫోను అందుకుని నిటారుగా కూర్చున్నాడు. “హఁ ఫణీ, కహ,” అన్నాడు. చెప్పు అని.

“మఉసా, కాలి సకాళే బస్ ఛాడి...”

గరగరమని శబ్దం వచ్చి ఫోను తెగిపోయింది. మావ మళ్లీ మళ్లీ చేశాడు. కలవలేదు. అప్పుడు నా వైపు తిరిగాడు. ఆ ముఖంలో అంత వెలుగు ఆ వేసవిలో అంతకు ముందు నేను చూడలేదు.

“రేపు పొద్దున్న బస్సు బయల్దేరతాదటమ్మా.”

అత్తకి చెబితే ఆవిడ లేచి దేవుడి పటం దగ్గర దీపం పెట్టింది. నేను ఆ పూట వంటలో ఏం వేశానో ఏం మరిచానో కూడా తెలియదు. పొద్దువాలుతుండగా ధనరాజ్ చేశాడు. ముందు నేను చెబుదామనుకున్నాను గానీ ఆయనే గబగబా అందుకున్నాడు.

“గేసు దించీసాను. ఇను. ఉస్మాన్ బామ్మర్దికి ఉల్లిపాయల లారీ ఉంది. ఇప్పుడే ఓడరేవుకి ఎల్తంది. ఒకడికి జాగా ఉందంటన్నాడు. ఏటి సెయ్యమంటావు? ఎక్కీనా?”

“బస్సు రేపు పొద్దున్నేనంట. ఫణి సెప్పాడు,” అన్నాను.

“రేపా? నిజవేనా?”

మావ చెయ్యి చాపాడు, ఫోను ఇచ్చాను.

“ఒరే నాయనా, లారీ ఒద్దు. ముక్కూ మొగం తెలీనోల్లు. దారిలో ఆపితే నీ గురించి మాటాడీవోడెవుడు? బస్సులో మనోల్లుంటారు, ఫణి ఉంటాడు. పొద్దున్నే బంకు కాడికి ఎల్లిపో.”

అటు లారీ ఇంజను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“సరే అయ్యా,” అన్నాడు ధనరాజ్.

తరవాత నాతో, “రేపీ పాటికి దారిలో ఉంటాను. ఒచ్చాక నాలుగు రోజులు నన్ను ఎవులూ లేపొద్దు. తొంగుంటాను,” అన్నాడు. అదే చివరిసారి ఆయన గొంతు నేను వినడం.

మర్నాడు ఫోను రాలేదు, దారిలో సిగ్నలుండదు అనుకున్నాం. ఆ మర్నాడూ రాలేదు. టీవీలో ఓడలు దిగుతున్న మన జనాన్ని చూపిస్తున్నారు, చేతుల్లో సంచులు, చంకల్లో పిల్లలు. అత్త టీవీకి జానెడు దూరంలో కూర్చుని ఒక్కొక్క ముఖమూ వెతికేది. “ఈ నీలం సొక్కా మనోడే” అనేది. కాడు. మళ్లీ ఇంకో ముఖం. పక్కింటి అప్పలనర్సమ్మ వచ్చి, “కల్లు పోతాయే కాసా, లెగు,” అన్నా కదిలేది కాదు.

ఒక ఉదయం ఫణి ఫోను వచ్చింది. మావ దాన్ని తీసుకుని ఇంటి బయటికి, ఇంకా అవతలకి, పడవల దాకా వెళ్లిపోయాడు. ఎప్పుడూ మా ముందే మాట్లాడే మనిషి. గుమ్మంలోంచి చూస్తున్నాను. నిలబడి మాట్లాడుతున్నవాడు మెల్లగా పడవ చెక్క పట్టుకుని కూలబడ్డాడు. చాలాసేపటికి వచ్చి ఫోను నా చేతిలో పెట్టాడు.

“ఫణి ఓడ దిగి అవతలి దేశం సేరిపోయాడట.”

“మరి ఈయన?”

“ఆడికి తెలీదట.”

“అదేటి మావా? ఒకే బస్సు కదా?”

ఆయన వల దగ్గరికెళ్లి కూర్చున్నాడు. ఆ రోజు అన్నం ముట్టుకోలేదు.

నాకు అనుమానమొచ్చింది. దేనిమీదో తెలియని అనుమానం. పసుపుకీ పప్పుకీ అని గంజాం బజారు వెళ్లినప్పుడు, ఎప్పుడూ సరుకులు తీసుకునే కొట్టు దగ్గర ఆగాను. కొట్టు మనిషికి తెలుగు వచ్చు. నా చెవిలో పడి ఉండిపోయిన మాటలు ఉన్నవి ఉన్నట్టు అడిగాను.

“కాలి అంటే ఏటి బాబూ?”

“కాలి అంటే నిన్న.”

పక్కన బియ్యం తూయించుకుంటున్న ఆవిడ నవ్వింది. “నిన్నేటి? రేపు కదా. ‘కాలి ఆసిబ’ అంటాం, రేపు ఒస్తాడు అని.”

“‘కాలి ఆసిలా’ అంటే నిన్న ఒచ్చాడు కాదా?” అన్నాడు కొట్టతను.

ఇద్దరూ కాసేపు సరదాగా వాదించుకున్నారు. చివరికి అతనే నాకు వివరించాడు. ఒరియాలో నిన్నకీ రేపటికీ ఒకటే మాట. వెనక వచ్చే మాట చివర ‘బ’ అంటే జరగబోయేది, ‘లా’ అంటే జరిగిపోయింది.

“‘కాలి సకాళే బస్ ఛాడి’ అంటే?” అని అడిగాను.

“ఛాడి... ఆ తరవాతేటి? ఛాడిబ, బయల్దేరతాదనా? ఛాడిలా, బయల్దేరిపోయిందనా? అది సెప్పకపోతే ఎలాగ తెలుస్తాది?”

పసుపు పొట్లం చేతిలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను. వెనకాలవాళ్లు జరగమంటున్నారు. ఎలా ఇంటికొచ్చానో తెలియదు. మావ అరుగు మీద ఉన్నాడు. నా ముఖం చూసి తల దించుకున్నాడు. కోపం వచ్చిందా అంటే వచ్చింది. ఆ ముసలాయన్ని పట్టుకుని కుదిపెయ్యాలన్నంత వచ్చింది. కానీ ఆ మధ్యాహ్నం ఆ సగం మాట నాకు అర్థమై ఉంటే నేను మాత్రం ఏమనుకునేదాన్ని? నిన్న అనుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఆయన పక్కనే కూర్చున్నాను. మావే అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

“నాకు ‘బ’ అన్నట్టే ఇనిపించిందమ్మా.”

ఆ వేసవి మొత్తంలో ఆ సంగతి మా మధ్య వచ్చింది ఆ ఒక్కసారే. అత్తకి చెప్పలేదు.

అప్పట్నుంచీ మావ ఒరియా మానేశాడు. బంద్ కాలానికి ఇచ్చే సాయం తాలూకు కాగితాలు పట్టుకుని వాడవాళ్లు వస్తే, “నాకు ఒరియా రాదు, ఇంకెవుల్నైనా సూసుకోండి,” అన్నాడు. వాళ్లు హాస్యమనుకుని నవ్వారు. ఆయన తలుపు వేసేసుకున్నాడు. ఫోను మోగితే ఉలిక్కిపడి అవతలికి వెళ్లిపోయేవాడు. ధనరాజ్ సంగతి కనుక్కోవడానికి ఆఫీసులకీ, హెల్ప్‌లైనుకీ ఇక నేనే మాట్లాడాల్సి వచ్చింది. వచ్చీ రాని ఒరియాలో, ఏడుస్తూ, తప్పులు మాట్లాడుతూ నేర్చుకున్నాను. ప్రతి మాటకీ చివరి అక్షరం వినిపించేదాకా మళ్లీ చెప్పమనేదాన్ని. వాళ్లు విసుక్కునేవారు.

మావ చిక్కి సగమయ్యాడు. సాయంత్రాలు మొగ దగ్గరికి, పెద్దకొడుకు పోయిన చోటికి వెళ్లి మోకాలు లోతు నీళ్లలో నిలబడేవాడు. నేనూ వెనకే వెళ్లి ఇసకలో కూర్చునేదాన్ని. వెళ్లమంటే వెళ్లేదాన్ని కాదు. ఒకనాడు ఆయన నడుం లోతు దాకా పోతే కేకేసి లాక్కొచ్చాను. ఇద్దరం తడిసి ఇంటికొస్తే, ఏమైందని అత్త అడిగితే, అల కొట్టిందన్నాను. ఈ మనిషి కూడా పోతాడని ఆ పూట నాకు గట్టిగా తెలిసిపోయింది.

మే నెల చివర్లో ఫణి నాకు ఫోను చేశాడు. సొంతూరు వచ్చేశానన్నాడు. “మఉసాకి ఇవ్వొద్దు. నువ్వు ఒక్కదానివే పురుషోత్తంపూర్ రాగలవా?” అని మెల్లగా, నాకు అర్థమయ్యే ఒరియాలో అడిగాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది. అయినా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ ఏమో, బతికున్నాడేమో, దెబ్బలు తగిలి ఎక్కడో ఉన్నాడేమో అని లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను.

ఫణి వాళ్లమ్మ నాకు మంచినీళ్లిచ్చి, నా తల నిమిరి లోపలికెళ్లిపోయింది. ఫణి నా ముఖం చూడలేదు. ఉస్మాన్ తన పల్లెకి చేరాక పంపాడంటూ ఫోనులో ఒక వాయిస్ మెసేజ్ వినిపించాడు. అంతా అరబ్బీ. ముసలి గొంతు, మధ్యమధ్య దగ్గు. ఆ అర్థం కాని మాటల్లోంచి ఒక్క మాట నా చెవిన స్పష్టంగా పడింది. ‘అయ్యా.’ కాసేపటికి మళ్లీ, ‘అయ్యా.’

“ఏటంటున్నాడు?” అన్నాను.

ఫణి ఒక్కొక్క ముక్కా చెప్పాడు. ఆ పొద్దున్న ధనరాజ్‌తో పాటు ఉస్మాన్ కూడా బంకు దాకా నడిచాడు. అక్కడ బస్సూ లేదు, మనుషులూ లేరు. అది రెండు రోజుల కిందటే పోయిందని వీధిలోవాళ్లు చెప్పారు. ఉస్మాన్ వెనక్కి పోదామన్నాడు. ధనరాజ్ కదలలేదు. ‘అయ్య చెప్పాడు, ఈ రోజే వస్తుంది’ అన్నాడట. ఎండెక్కింది. దగ్గర్లో కాల్పులు మొదలయ్యాయి. ఉస్మాన్ చెయ్యి పట్టి లాగితే, ‘అయ్య తప్పు చెప్పడు, ఇంకొంచెం చూద్దాం’ అన్నాడట. మధ్యాహ్నం బంకు మీద గుండు పడింది. ఉస్మాన్‌కి కాలు పోయింది. ధనరాజ్‌ని ఆ వీధివాళ్లే అక్కడ మట్టి చేశారు.

“ఉల్లిపాయల లారీ?” అని అడిగాను. ఎందుకడిగానో.

“క్షేమంగా చేరిపోయింది,” అన్నాడు ఫణి. ఫోను జేబులో పెట్టుకుంటూ, “అయ్య అంటే ఆ బస్సు ఓనరా అని అడుగుతున్నాడు ఉస్మాన్. నేనింకా జవాబు పెట్టలేదు,” అన్నాడు.

అప్పుడు ఏడ్చాను. వాళ్లమ్మ వచ్చి పట్టుకున్నా ఆగలేదు. ఆ బంకు దగ్గర, ఎవరూ లేని వీధిలో, సంచీ పట్టుకుని, తండ్రి మాట మీద నిలబడి ఉన్న మనిషి కనిపిస్తున్నాడు. మీ అయ్య చెబితే బావిలో దూకుతావా అని తిట్టిన నోరు నాదే. నిన్నెందుకయ్యా అంత మంచివాడిగా పెంచారు అని గట్టిగా అరవాలనిపించింది.

ఏడుపు అయ్యాక ఫణితో ఒకటే మాట చెప్పాను. ఈ సంగతి ఇక్కడే ఉండిపోవాలి, మఉసా దాకా రాకూడదు. ఏం చెబుతానో కూడా చెప్పాను. అతను ఒప్పుకోలేదు. “చచ్చినవాడి మీద అబద్ధమా?” అన్నాడు. ఉన్నవాళ్ల కోసం అన్నాను. చివరికి తలూపాడు. ఆ తరవాత అతను మా ఇంటి గడప తొక్కలేదు. తొక్కితే ఏదో ఒకటి అనేస్తానని భయమట.

ఇంటికొచ్చేసరికి పొద్దు ఇంకా ఉంది. మావ అరుగు మీద, అత్త గుమ్మంలో. నా నుదురు చూసి అత్త గోడకి జారగిలబడిపోయింది. నేను దారిలో బొట్టు తీసేసుకున్నాను, నోటితో చెప్పలేక.

“ఏటైంది?” అన్నాడు మావ.

“లారీ ఎక్కీసాడట మావా. నువ్వొద్దన్నా ఇన్నేదు. ఆ సాయంత్రమే ఎక్కీసాడట. దారిలో లారీ మీద గుండు పడిందట.”

“లారీయా?”

“లారీయే.”

“బంకు కాడికి ఎల్లనేదా?”

“ఎల్లనేదు. బస్సు ఊసే ఎత్తనేదట.”

“నీకు ఒరియా సరిగ్గా రాదు కదమ్మా. సరిగ్గా ఇన్నావా?”

“మూడుసార్లు సెప్పించుకున్నాను మావా.”

ఆయన అరుగు మీంచి లేచి నిలబడ్డాడు. “నా మాట ఇన్నేదన్నమాట ఆడు,” అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి అనేసరికి ఏడుపొచ్చేసింది, అన్నాళ్లూ రానిది. “సెప్పాను కదే లారీ ఒద్దని, సెప్పాను కదా,” అంటూ తల బాదుకుంటూ కొడుకుని తిట్టాడు, ఏడ్చాడు, మళ్లీ తిట్టాడు. వాడంతా పోగైంది. అందరికీ అదే చెప్పాడు. ఆ రోజు నా చేత్తో రెండు ముద్దలు తిన్నాడు.

అత్త ఏడవలేదు. ఆయన తిడుతున్నంతసేపూ నా ముఖమే చూసింది. జనం పల్చబడ్డాక, పొయ్యి దగ్గర నా పక్కన కూర్చుని నెమ్మదిగా అంది. “నా కొడుకు అయ్య మాట దాటీవోడు కాడు.”

నేను పుల్ల ఎగదోశాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఈనాటి వరకూ అడగలేదు.

జూన్‌లో బంద్ ఎత్తేశారు. పడవలు నీళ్లలోకి తోసే రోజు మావ అందరికన్నా ముందు వెళ్లి చెయ్యేశాడు. ఫిషరీ ఆఫీసు మనిషి వస్తే నిటారుగా కూర్చుని మళ్లీ ఒరియా ఎత్తుకున్నాడు. వాడవాళ్లు మళ్లీ ఆయన్నే వెంటబెట్టుకెళ్లడం మొదలుపెట్టారు. ఆయన బతికాడు. నేను కోరుకున్నది అదే, నాకు దక్కింది. కానీ దానికి ఎవర్ని ఖర్చుపెట్టానో నాకు తెలుసు. వాడలో పిల్లలు మొండికేస్తే తల్లులు ఇప్పుడు ధనరాజ్ పేరు చెబుతారు. తండ్రి మాట వినకపోతే ఏమైందో చూశారా అంటారు. ఆ మాట చెవిన పడ్డ ప్రతిసారీ, కాదు అని అరవాలనిపించి నోరు నొక్కుకుంటాను.

ఇప్పుడు నాకు ఒరియా బాగానే వచ్చు. బస్టాండులోనో, ఆఫీసు వరండాలోనో పక్కన కూర్చున్నవాడికి మావ చెబుతుంటే ప్రతి అక్షరమూ అర్థమవుతుంది. ‘మో కథా సుణిలా నాహి’ అంటాడు. ఒరియాలో కథ అంటే మాట. నా మాట వినలేదు అని. విన్నవాళ్లు ఈ కాలం పిల్లలింతే అని జాలిపడతారు. అప్పుడాయన నా వైపు తిరిగి తెలుగులో సాక్ష్యం అడుగుతాడు.

“ఏమ్మా దుర్గా, ఇన్నాడా ఆడు?”

“ఇన్నేదు మావా,” అంటాను.